ఆంగ్లవాక్యమున నామాఖ్యాతములు: ప్రాచ్యకళాశాల కర్తవ్యము

ఆంగ్లమునకు వ్యాకరణమే లేదనుట మన పండితులలో కొందరికి అలవాటు. సంస్కృతము చదివిన బుద్ధి ఆంగ్లము నేర్చుటకు అడ్డువచ్చుననుట ఆంగ్లోపన్యాసకులలో కొందరికి అలవాటు. ఈ రెండు మాటలును నిరాధారములే. ఐనను వీని నడుమ చిక్కి నష్టపోవుచున్నవాడు మన ప్రాచ్యకళాశాల విద్యార్థి. ఆంగ్లవాక్యమున నామము ఎట్లు పనిచేయునో, క్రియ ఎట్లు పనిచేయునో గ్రహించుటకు కావలసిన సాధనములు ఆ విద్యార్థి చేతిలోనే యున్నవనియు, వానిని వాడుట మనము అతనికి నేర్పుటలేదనియు ఈ వ్యాసమున నివేదింపదలచితిని. నేను పాఠశాలలో కౌముది చదివిన పిమ్మట ఆంగ్లము నేర్చినవాడను. కావున ఈ విషయమున నాకు గల అభిప్రాయము అధ్యయనానుభవము నుండి పుట్టినదే కాని వాదముకొరకు కల్పించుకొన్నది కాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతము శాస్త్రాధ్యయనమునకు క్రొత్తది కాదు. తెనాలి పేరుతో వ్యవహరింపబడు శాస్త్రపరీక్ష దేశమందలి పాఠశాలలలో సుప్రసిద్ధము. బాపట్లకు భావపురి యను ప్రాచీననామము కలదు. అచటి దైవము భావనారాయణుడు. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడగా రేపల్లె అందు చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. జిల్లాలు వేరైనను ఇచటి విద్యార్థి కష్టము మాత్రము ఒక్కటే. రఘువంశ శ్లోకమునకు తడబాటులేక అన్వయము చెప్పగలవాడు 'హి ఈజ్ ఎ టీచర్' అనవలసిన చోట 'హి టీచర్' అని వ్రాయును. 'ఐ నో' అనవలసిన చోట 'టు మి నో' అని వ్రాయును. ఉద్యోగపరీక్షలో ఇట్టి వాక్యములే అతని బ్రతుకుదెరువును నిర్ణయించును. తనకు ఆంగ్లము రాదని మాత్రమే కాక, తాను చదివిన శాస్త్రము నిష్ప్రయోజనమని కూడ అతడు అనుకొనును. ఈ రెండవ అభిప్రాయము మొదటిదానికంటె ప్రమాదకరము. అది ఒక విద్యార్థితో పోదు. అతని తమ్ముడు మన కళాశాలలో చేరడు.

నిజమునకు ఆ విద్యార్థి వ్రాసినది తెలివితక్కువతనము కాదు. 'అతడు ఉపాధ్యాయుడు' అను తెలుగువాక్యమున క్రియ కనబడదు. సంస్కృతమునను 'అస్తి' అధ్యాహార్యమే. 'నాకు తెలియును' అనుచోట ఎరుక గలవాడు 'కు' ప్రత్యయముతో నిలుచును. విద్యార్థి తన భాషల న్యాయమును మూడవ భాషకు వర్తింపజేసినాడు. ఆ న్యాయము ఎచట చెల్లునో, ఎచట చెల్లదో చెప్పుట గురువు పని. ఆ పని చేయవలసినది మనమే; ఏలయన మూడు భాషల న్యాయములను ప్రక్కప్రక్కన నిలిపి చూపగలవారు మన కళాశాలలలో తప్ప వేరెచట అరుదు.

ముందుగా మన శాస్త్రము నామాఖ్యాతములను ఎట్లు విభజించినదో స్మరింతము. పాణిని దృష్టి రూపమునకు సంబంధించినది. సుప్ప్రత్యయము చివరగలది ఒక విధమగు పదము, తిఙ్ప్రత్యయము చివరగలది వేరొక విధమగు పదము. యాస్కుని దృష్టి అర్థమునకు సంబంధించినది. ఆఖ్యాతమున భావము ప్రధానము, నామమున సత్త్వము ప్రధానము. అనగా పూర్వాపరక్రమముతో జరుగుచున్నదానిగా చెప్పబడినది ఆఖ్యాతము. సిద్ధించి నిలిచిన వస్తువుగా చెప్పబడినది నామము. ఒకే నడకను 'వ్రజతి' యన్నచో ఆఖ్యాతము, 'వ్రజ్యా' యన్నచో నామము. భర్తృహరి ఈ భేదమునే సాధ్యము, సిద్ధము అను మాటలతో విస్తరించినాడు.

ఇక ఆంగ్ల పాఠ్యపుస్తకములందలి నిర్వచనము చూడుడు. మనుష్యుని, స్థలమును, వస్తువును తెలుపునది నామమట. పనిని తెలుపునది క్రియయట. ఈ నిర్వచనము బాలురకు కూడ చాలదు. 'ఎరైవల్' అనగా రాక. అది పనియే, ఐనను నామము. 'నో' అనగా ఎరుగు. అందు చేయు పనియేదియు కనబడదు, ఐనను అది క్రియ. యాస్కుని విభాగము నెరిగినవానికి ఇచట సందేహమే లేదు. రాకను సిద్ధవస్తువుగా చెప్పుటచే 'ఎరైవల్' నామము. ఎరుకను కాలముతో, పురుషముతో ముడిపెట్టి చెప్పుటచే 'నో' క్రియ. ఇంత సూక్ష్మమైన విభాగము చేతనుండగా మన విద్యార్థి ఆ స్థూలనిర్వచనమును కంఠస్థము చేయుచున్నాడు.

అయితే ఆంగ్లమున అసలు చిక్కు నిర్వచనమునందు లేదు, రూపమునందున్నది. 'వాక్' అను పదము నడకయు అగును, నడచుటయు అగును. 'బుక్' అనగా గ్రంథము. 'బుక్ ఎ టికెట్' అన్నచో టికెట్టును ముందుగా తీసికొనుమని అర్థము. 'వాటర్' నీరును అగును, నీరు పోయుటయు అగును. పదమును మాత్రమే చూచి ఇది సుబంతమా, తిఙంతమా యని చెప్పుట అసాధ్యము. సంస్కృతమున 'రామః రావణం హంతి' అను మూడు పదములను ఏ వరుసలో నుంచినను చంపినవాడు రాముడే. ఆంగ్లమున 'రామ కిల్డ్ రావణ' అను వాక్యమును 'రావణ కిల్డ్ రామ' అని త్రిప్పినచో కథయే తలక్రిందులగును. సంస్కృతమున ప్రత్యయము చేయు పనిని ఆంగ్లమున స్థానము చేయుచున్నది.

దీనిని చూచియే మనవారు ఆంగ్లమునకు వ్యాకరణము లేదందురు. ఇది తొందరపాటు. స్థానముచే అర్థము నిర్ణయింపబడుట సంస్కృతమునకు తెలియని విషయమా? సమాసమును చూడుడు. సమాసమున పూర్వపదమునకు సుప్పు లోపించును. అది లోపించిన తక్షణమే వరుసకు స్వాతంత్ర్యము పోవును. 'రాజ్ఞః పురుషః' అను వాక్యమును 'పురుషః రాజ్ఞః' అని త్రిప్పవచ్చును; 'రాజపురుషః' అను సమాసమును 'పురుషరాజః' అని త్రిప్పినచో వేరొక యర్థము వచ్చును. విభక్తి పోయినచోట క్రమము దాని పనిని చేపట్టుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. ఆంగ్లవాక్యము మొత్తము మీద ఒక సమాసమువంటి నిర్బంధము గలది. సమాసమున ఏ పదము పూర్వమందుండవలెనో నియమములు నేర్చిన విద్యార్థికి 'నామము ముందు, క్రియ నడుమ, నామము వెనుక' అను నియమము భారము కాదు. ఇది వ్యాకరణము లేకపోవుట కాదు. వ్యాకరణము ప్రత్యయమును విడిచి స్థానమున నిలుచుట.

ఆంగ్లము పుట్టుకతోనే ఇట్లున్నది కాదు. వేయేండ్ల క్రిందటి ఆంగ్లమున నామములకు విభక్తిభేదములు, లింగభేదములు కలవు. పదాంతధ్వనులు క్రమముగా బలహీనపడి అవి నశించినవి. ఆ లోటును పదక్రమమును, నామమునకు ముందు వచ్చు 'టు', 'ఫ్రమ్', 'బై' వంటి నిపాతప్రాయములైన పదములును పూరించినవి. పాతయింటి గోడవలె నేడును కొన్ని రూపములు మిగిలియున్నవి: 'హి', 'హిమ్', 'హిజ్' అనునవి ప్రథమా, ద్వితీయా, షష్ఠీ రూపములవంటివే. ఈ చరిత్రను రెండు వాక్యములలో చెప్పినచో విద్యార్థికి ఆంగ్లము పరాయి యక్షిణి వలె తోచదు. సంస్కృతమునకు దూరపు దాయాదిగా తోచును.

నామము క్రియగా మారుటను గూర్చియు మన శాస్త్రము చక్కని మార్గము చూపినది. ప్రాతిపదికము నుండి ధాతువును కల్పించుట నామధాతుప్రక్రియ. శిష్యుని పుత్రునివలె చూచుట 'పుత్రీయతి' యగును. ఇచట ప్రత్యయము కనబడుచున్నది. 'కృష్ణతి' యనగా కృష్ణునివలె ప్రవర్తించును. ఇచట క్విప్పు వచ్చి సర్వాపహారముగా లోపించినది. లోపమనగా కనబడకపోవుటయే కాని లేకపోవుట కాదు. ప్రత్యయము పోయినను దాని కార్యము నిలుచునని పాణినీయసిద్ధాంతము. ఈ దృష్టితో ఆంగ్లమును చూడుడు. 'డాగ్' అనగా కుక్క. క్రియయైనచో కుక్కవలె వెంబడించుట. 'ఏప్' అనగా కోతి. క్రియయైనచో కోతివలె అనుకరించుట. 'పేరట్' అనగా చిలుక. క్రియయైనచో చిలుకపలుకులు పలుకుట. 'మదర్' క్రియయైనచో తల్లివలె సాకుట. ఇవి యన్నియు ఆచారార్థమందు క్విప్పు వచ్చి లోపించినట్లే యున్నవి. భేదమొక్కటి కలదు. మన నామధాతువులలో ఏ ప్రత్యయమునకు ఏ యర్థమో సూత్రము శాసించును. ఆంగ్లమున వాడుకయే శాసించును. 'డస్ట్' అను క్రియ దుమ్ము దులుపుటయు అగును, పొడి చల్లుటయు అగును. ఈ భేదమును కూడ చెప్పవలెను. సామ్యము చెప్పి భేదము దాచుట పాండిత్యము కాదు.

తెలుగు ఈ విషయమున సంస్కృతపక్షమే వహించును. మన భాషలో క్రియాత్వము ప్రత్యయమున ప్రతిష్ఠితము. కావుననే సంస్కృతధాతువు తెలుగులోనికి వచ్చునప్పుడు 'ఇంచు'క్కును ధరించి 'పఠించు', 'చింతించు' అని వచ్చును. ఆంగ్లక్రియ వచ్చునప్పుడు నామమువలె వచ్చి 'చేయు', 'అగు' అను క్రియల నాశ్రయించును: 'బుక్ చేసినాడు', 'ఫోన్ చేసినాడు', 'మిస్ అయినది'. రేపల్లె బస్సులో ప్రయాణించు నిరక్షరాస్యుడు కూడ 'టికెట్ బుక్కినాడు' అనడు. ఆంగ్లమున అదే పదము ఒంటరిగా నామమై, ఒంటరిగా క్రియయై నిలువగలదు, తెలుగున నిలువలేదు. ఈ ఒక్క పరిశీలన రెండు భాషల స్వభావభేదమును అరచేతి యుసిరికవలె చూపును. దీనిని తరగతిలో చెప్పుటకు ఏ పాశ్చాత్యగ్రంథమును తెరువనక్కరలేదు.

ఇక మన పాఠశాలలలో పాతుకొనిన ఒక దోషమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. ఆంగ్లవ్యాకరణమందలి 'సబ్జెక్ట్' అను మాటను కర్తయనియు, 'ఆబ్జెక్ట్' అను మాటను కర్మయనియు తెలిగించి చెప్పుట వాడుకయైనది. 'రామ కిల్డ్ రావణ' అనుచోట ఇది సరిపడును. 'రావణ వజ్ కిల్డ్ బై రామ' అనుచోట 'సబ్జెక్ట్' రావణుడు. అతడు కర్తయా? చంపబడినవాడు కర్త యెట్లగును? 'రామేణ రావణః హతః' అని కర్మణిప్రయోగము చదివిన విద్యార్థికి రావణుడు ప్రథమావిభక్తిలో నున్న కర్మయని తెలియును. మన గురువే అతనిని కర్తయని చెప్పినచో విద్యార్థి తనకు తెలిసినదానిని సందేహించును. కర్త, కర్మ యనునవి కారకములు. క్రియతో అర్థసంబంధమును తెలుపునవి. 'సబ్జెక్ట్' అనునది వాక్యమున ఒక స్థానము. క్రియకు ముందు నిలిచి, ఏకవచన బహువచనములచే క్రియను తనవెంట త్రిప్పుకొనునది. దానిని 'ప్రథమాస్థానము' అని యనుట మేలని నా సూచన. 'ఆబ్జెక్ట్' అనుదానిని 'ద్వితీయాస్థానము' అనవచ్చును.

స్థానమునకును కారకమునకును భేదమున్నదని తెలిపుటకు మన యూరి రైలే చాలును. 'ది ట్రైన్ లీవ్స్ తెనాలి' యనగా రైలు తెనాలినుండి బయలుదేరును. వేరుపడునప్పుడు స్థిరముగా నిలిచినది అపాదానము. ఇచట తెనాలి అపాదానమని మన బాలుడు చెప్పగలడు. ఐనను ఆంగ్లమున 'తెనాలి' ఏ నిపాతమును లేక ద్వితీయాస్థానమున నున్నది. 'ది ట్రైన్ రీచెస్ రేపల్లె' యనగా రైలు రేపల్లె చేరును. ఇచట రేపల్లె గమ్యము, కర్మ. అదియు అదే స్థానమున నున్నది. ఒకే స్థానమున రెండు కారకములు. ఇక 'లీవ్స్ రేపల్లె' అన్నచో రైలు రేపల్లెను విడుచును. 'లీవ్స్ ఫర్ రేపల్లె' అన్నచో రేపల్లెకు బయలుదేరును. చిన్న నిపాతమొకటి పోయినచో వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోవలసిన ప్రయాణికుడు ఎదురుదిక్కు రైలును గూర్చి చదివినట్లగును. స్థానమును, నిపాతమును, కారకమును వేరువేరుగా గుర్తింపజేయుట ఎంత యవసరమో దీనిచే తెలియుచున్నది. ఈ మూటిని వేరుచేయగల పరిభాష మనకు కలదు.

ఆంగ్లక్రియను గూర్చి విద్యార్థికి చెప్పవలసిన ముఖ్యనియమములు మూడు. మొదటిది: ఆంగ్లవాక్యమునకు తిఙంతము వాచ్యముగా నుండితీరవలెను, అధ్యాహారము సామాన్యముగా చెల్లదు. 'ఈజ్', 'ఆర్' అనునవి అస్తి, సంతి యనువాని స్థానమున నిత్యముగా నిలుచును. ఈ నియమము తెలిసినచో 'హి టీచర్' అను దోషము మరల రాదు. రెండవది: ఆంగ్లమున పురుషసంజ్ఞలు మనకు వ్యత్యస్తములు. వారి 'ఫస్ట్ పర్సన్' మన ఉత్తమపురుషము. వారి 'థర్డ్ పర్సన్' మన ప్రథమపురుషము. సంఖ్యాసామ్యమును చూచి విద్యార్థి మోసపోవును. మూడవది: ఒకే సకారము నామమున బహువచనమును, క్రియయందు ప్రథమపురుషైకవచనమును తెలుపును. 'బాయ్ రన్స్', 'బాయ్స్ రన్' అను రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాసి చూపినచో సకారము ఒకసారి క్రియకు, ఒకసారి నామమునకు చేరుట కనబడును. సుప్పునకు తిఙ్ఙునకు భేదమెరిగిన విద్యార్థి ఒకే ధ్వని రెండు ప్రత్యయములగుటను చూచి యాశ్చర్యపడడు. మన శాస్త్రమున అట్టివి పెక్కులు కలవు.

నామమునకును క్రియకును నడుమ నిలుచు కృదంతముల విషయమున సామ్యము మరింత రమణీయము. 'టీచింగ్' అనగా బోధనము. 'టీచింగ్ గ్రామర్ ఈజ్ హార్డ్' అనుచోట 'గ్రామర్' నిపాతము లేకయే కర్మగా నిలిచినది. 'ది టీచింగ్ ఆఫ్ గ్రామర్' అనుచోట 'ఆఫ్' అను షష్ఠ్యర్థకము వచ్చినది. సంస్కృతమున 'వ్యాకరణస్య అధ్యాపనమ్' అనుచోట కృద్యోగమున కర్మకు షష్ఠి. 'వ్యాకరణమ్ అధ్యాపయితుమ్' అనుచోట అవ్యయకృత్తు గనుక షష్ఠికి నిషేధము, ద్వితీయయే. క్రియాస్వభావము నిలిచియున్న కృదంతము కర్మను నేరుగా గ్రహించును. నామస్వభావము ముదిరిన కృదంతము షష్ఠిద్వారా గ్రహించును. ఆంగ్లమందలి రెండు ప్రయోగముల నడుమ భేదమును పెక్కు పుస్తకములు ఉదాహరణములతో సరిపెట్టును. మన విద్యార్థికి దాని హేతువు ముందే తెలిసియున్నది. తెలిసినదని అతనికి చెప్పువారు లేరు.

వాక్యమున నామము ప్రధానమా, క్రియ ప్రధానమా యను ప్రశ్న కూడ మనకు పరిచితమే. శాబ్దబోధమున వైయాకరణులు క్రియను ముఖ్యవిశేష్యముగా గ్రహింతురు. నైయాయికులు ప్రథమాంతార్థమును గ్రహింతురు. ఆంగ్లవాక్యమును 'సబ్జెక్ట్', 'ప్రెడికేట్' అని రెండుగా చీల్చుట తర్కశాస్త్రము నుండి వచ్చిన పద్ధతి. మన నైయాయికమార్గమునకు సన్నిహితము. పాశ్చాత్యులలో ఫ్రెంచి పండితుడగు తెనియేర్ క్రియను కేంద్రముగా జేసి వాక్యమును నిరూపించినాడు. అతని గ్రంథము 1959లో, అతని మరణానంతరము వెలువడినది. 1968లో ఫిల్‌మోర్ అను అమెరికా పండితుడు విభక్తిరూపములకు వెనుకనున్న అర్థసంబంధములను నిరూపించుచు వ్రాసిన వ్యాసము మన కారకప్రకరణమును స్మరింపజేయును. ఆధునికభాషాశాస్త్రమునకు మూలపురుషుడని పేరుగన్న సొస్యూర్ స్వయముగా సంస్కృతపండితుడు. సంస్కృతమందలి షష్ఠీప్రయోగమును గూర్చి 1881లో సిద్ధాంతగ్రంథము ప్రకటించినాడు. మన దేశమున అక్షర భారతి యను నామముతో వ్రాసిన పండితబృందము పాణినీయదృష్టితో యంత్రానువాదమును గూర్చి 1995లో గ్రంథము వెలువరించినది. ఆ పరిశోధన హైదరాబాదున నేటికిని ఫలించుచున్నది. యంత్రమునకు ఆంగ్లవాక్యమును నేర్పుటకు కారకము పనికివచ్చినది. మనుష్యునకు నేర్పుటకు పనికిరాదా?

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. లాటిన్ మూసలో ఆంగ్లమును పోసినవారు తప్పుచేసినారు గదా, పాణినీయపు మూసలో పోయుట అంతకంటె మేలెట్లగును? ఈ ఆక్షేపము బలముగలది. తేలికగా త్రోసివేయదగినది కాదు. తెలుగు విషయముననే మనకు దీనికి పాఠము కలదు. 1816లో క్యాంబెల్ వ్రాసిన తెలుగువ్యాకరణమునకు ఎల్లిస్ దొర కూర్చిన పరిచయమున, తెలుగు సంస్కృతజన్యము కాదని, దాని ధాతుసంపద వేరని నిరూపింపబడినది. చిన్నయసూరి బాలవ్యాకరణమును సంస్కృతపరిభాషతోనే రచించినను ఆచ్ఛికపరిచ్ఛేదమును వేరుగా నుంచినాడు. జడవాచకమునకు ద్వితీయకు బదులు ప్రథమ వచ్చుట వంటి తెలుగు సొంతధర్మములను సూత్రించినాడు. పరిభాష అరువు తెచ్చుకొనుట వేరు, స్వభావమును చెరచుట వేరు. నేను కోరునది ఆంగ్లమునకు ఏడు విభక్తులు అంటగట్టుట కాదు. కారకప్రశ్నలను ఆంగ్లవాక్యమునకు వేయుట మాత్రమే. ఎవడు చేసెను, దేనిని చేసెను, దేనిచే, ఎవనికొరకు, దేనినుండి, ఎచట? ఈ ఆరు ప్రశ్నలు అన్ని భాషలకును చెల్లును. సమాధానము ప్రత్యయములో నున్నదా, స్థానములో నున్నదా, నిపాతములో నున్నదా యనుటయే భాషాభేదము.

ఆంగ్లమాధ్యమమును గూర్చి మన రాష్ట్రమున చాల వాదప్రతివాదములు జరిగినవి. 2019 నవంబరులో ప్రభుత్వము పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమునకు ఉత్తరువులిచ్చినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వానిని కొట్టివేసినది. ఏ మాధ్యమమున చదువవలెనను వాదము ఇన్నాళ్లు సాగినను, తెలుగుబిడ్డకు ఆంగ్లవాక్యనిర్మాణమును ఏ మార్గమున బోధింపవలెనను ప్రశ్న మాత్రము వెనుకబడినది. నేర్పు భాషకు ముందు నేర్చువాని భాష తెలియవలెను. ఈ ధర్మమును గిడుగు రామమూర్తిగారు సవరబిడ్డల విషయమున ఆచరించి చూపినారు. వారు ముందు సవర నేర్చిరి. ఆ భాషలోనే పాఠములు వ్రాసిరి. తెలుగుబిడ్డల విషయమున ఆ శ్రమ పడవలసిన అవసరము కూడ మనకు లేదు.

కావున ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు నా మనవి మూడంశములు. ఆంగ్లబోధనమును అతిథి ఉపన్యాసకులకు పూర్తిగా విడిచిపెట్టక, వ్యాకరణాధ్యాపకుడు వారమునకు ఒక గంట ఆంగ్లోపన్యాసకునితో కలిసి ఒకే తరగతిలో పాఠము చెప్పవలెను. ఒకే వాక్యమును సంస్కృతమున, తెలుగున, ఆంగ్లమున వ్రాసి, కారకములను గుర్తించి, ఏ భాష ఏ సాధనముతో ఆ కారకమును తెలిపినదో విద్యార్థిచేతనే చెప్పింపవలెను. 'సబ్జెక్ట్' అను మాటకు కర్త యను తెలుగును తరగతులలో మానవలెను. ఈ మూటికిని క్రొత్త ధనము కాని, క్రొత్త గ్రంథము కాని, ప్రభుత్వపుటుత్తరువు కాని అవసరము లేదు. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఒక తరగతి ఒక సంవత్సరము ఇట్లు నడచినచో ఫలితమెట్లుండునో తెలియును.

దీనిని సంస్కృతాభిమానముతో పలికిన మాటగా కొందరు భావింపవచ్చును. అభిమానము కలదు, దానిని దాచను. కాని శాస్త్రమునకు గౌరవము దానిని స్తుతించుటచే రాదు, దానిని వాడుటచే వచ్చును. పాణినీయము చదివిన బాలుడు ఆంగ్లవాక్యము ముందు తెల్లబోయి నిలిచినచో, లోకము ఆ బాలుని గాక ఆ శాస్త్రమును తక్కువగా చూచును. అదే బాలుడు 'ఇచట ప్రత్యయము లోపించినది, స్థానము దాని పని చేయుచున్నది' అని చెప్పి వాక్యమును సరిగా వ్రాసినచో శాస్త్రమునకు వేరొక ప్రశస్తి యక్కరలేదు. విజ్ఞులు ఈ మనవిని పరిశీలించి, తమ తరగతులలో పరీక్షించి, దోషములున్నచో ఈ పత్రికాముఖముననే తెలుపుదురు గాక.